తూటాలు దొరకని రోజుల్లో కంగారు పడకుండా ఎలా కొనాలి: అమెరికాలో షూటింగ్ రేంజ్‌కి వెళ్లే తెలుగువాళ్లకి

2023 జులై 20న ఇండియా తెల్లబియ్యం ఎగుమతి ఆపేసిందని వార్త వచ్చింది. బాస్మతికి ఆ నిషేధం లేదు, కానీ మనకి కావాల్సింది సోనామసూరి కదా. డాలస్ దగ్గర మా ఇండియన్ స్టోర్‌కి వెళితే పార్కింగ్‌లో చోటు లేదు. లోపల ఒకాయన బండి నిండా ఎనిమిది బస్తాలు పేర్చుకుని నెడుతున్నాడు. వెనకాల ఆయన భార్య ఇంకో బండితో వస్తోంది. మా ఇంట్లో అప్పటికే ఒక బస్తా నిండుగా, ఇంకోటి సగం ఉన్నాయి. అయినా నేనూ మూడు తెచ్చాను. సంక్రాంతి నాటికి వాటిలో ఒకదానికి పురుగు పట్టింది.

సిగ్గుపడాల్సిన సంగతి అది కాదు. ఇదే తప్పు అంతకు రెండున్నరేళ్ల ముందు ఒకసారి చేసి, ఇంక చేయనని ఒట్టు పెట్టుకున్నాను. అప్పుడు కొన్నది బియ్యం కాదు, 9 ఎంఎం తూటాలు. 2020 మార్చి ముందు వరకూ ఒక్కోటి 20 సెంట్లలోపు దొరికేవి. 2021 మొదట్లో అవే 70 సెంట్లు దాటాయి. నేను సరిగ్గా అప్పుడే కొన్నాను. వాటిలో కొన్ని డబ్బాలు ఇప్పటికీ విప్పలేదు.

మళ్లీ ఒక ఎన్నికో, ఒక చట్టం గురించిన పుకారో, ఒక యుద్ధమో వస్తుంది. షాపుల్లో అరలు ఖాళీ అవుతాయి. అప్పుడు ఏం చేయాలో నాకు తెలిసినంత వరకు వరుసగా రాస్తున్నాను. కొత్తగా రేంజ్‌కి వెళ్లడం మొదలుపెట్టినవాళ్ల కోసం రాస్తున్నాను, పాతకాపులు నవ్వుకోవచ్చు.

1. అన్నిటికంటే ముందు మీ వీసా చూసుకోండి

మన వాళ్లలో చాలామందికి తెలియని విషయం ఇది. హెచ్-1బి, హెచ్-4, ఎల్-1, ఎఫ్-1 లాంటి తాత్కాలిక వీసాల మీద ఉన్నవాళ్లు తుపాకీ గానీ తూటా గానీ దగ్గర పెట్టుకోకూడదని అమెరికా ఫెడరల్ చట్టం చెబుతుంది. తుపాకీ ఒక్కటే కాదు, తూటా కూడా. కొనడమే కాదు, చేతిలో ఉంచుకోవడం కూడా. రేంజ్‌లో అద్దెకి తీసుకుని అరగంట కాల్చి తిరిగి ఇచ్చేసినా ఆ అరగంట అది మీ దగ్గర ఉన్నట్టే. చెల్లుబాటులో ఉన్న హంటింగ్ లైసెన్స్ ఉన్నవాళ్లకి మినహాయింపు ఉంది. ఇంకొన్ని మినహాయింపులూ ఉన్నాయి గానీ అవి మనలాంటి ఉద్యోగస్తులకి పెద్దగా వర్తించవు.

శిక్ష 15 ఏళ్ల వరకు పడొచ్చు. అంతకంటే ముందు పోయేది మీ ఇమ్మిగ్రేషన్. "మా ఫ్రెండ్స్ అందరూ వెళ్లారు, రేంజ్‌వాళ్లు ఏమీ అడగలేదు" అన్నది వాదన కాదు. గ్రీన్ కార్డు వచ్చినవాళ్లకి ఈ గొడవ లేదు. మీది ఏ స్థితో అనుమానంగా ఉంటే లాయర్‌ని అడగండి, వాట్సాప్ గ్రూపుని కాదు.

తర్వాత మీ రాష్ట్రం. టెక్సస్‌లో మాకున్న సులువు అన్నిచోట్లా లేదు. ఇల్లినాయిలో ఫోయిడ్ కార్డు (తుపాకీ ఉంచుకునేవాళ్లకి రాష్ట్రం ఇచ్చే గుర్తింపు కార్డు) లేనిదే తూటాలు కొనలేరు. న్యూయార్క్‌లో 2023 సెప్టెంబరు నుంచి తూటాలకి కూడా బ్యాక్‌గ్రౌండ్ చెక్ (కొనేవాళ్ల పాత రికార్డు చూడటం) పెట్టారు. కాలిఫోర్నియా 2019 జులైలోనే పెట్టింది, దాని మీద కోర్టులో కేసూ నడిచింది. న్యూజెర్సీలో హాలో పాయింట్ తూటాలకి, అంటే మొన బోలుగా ఉండి తగలగానే విచ్చుకునే రకానికి, వేరే నిబంధనలున్నాయి. ఇవి మారుతూ ఉంటాయి కాబట్టి కొనే రోజున మళ్లీ చూసుకోవాలి.

2. కొరత ఎలా పుడుతుందో ఒకసారి లెక్కేయండి

ఇది చదివితే డబ్బా దొరకదు గానీ టెన్షన్ సగం తగ్గుతుంది.

2020లో అమెరికాలో మొదటిసారి తుపాకీ కొన్నవాళ్లు 84 లక్షల మంది ఉంటారని ఆ పరిశ్రమ సంఘం ఎన్‌ఎస్‌ఎస్‌ఎఫ్ అంచనా వేసింది. ఒక్కొక్కరు డబ్బాకి 50 చొప్పున రెండే రెండు డబ్బాలు కొన్నారనుకుందాం. 84 కోట్ల తూటాలు! వాళ్లలో ఎవరూ దాచుకునే రకం కాదు, అత్యాశా లేదు. కొత్తగా కొన్న వస్తువుకి రెండు డబ్బాలు తెచ్చుకున్నారు, అంతే. పాతవాళ్లు దాచుకోవడం దీని మీద అదనం. ఆ ఏడాది ఎఫ్‌బీఐ చేసిన బ్యాక్‌గ్రౌండ్ చెక్‌లు దాదాపు 4 కోట్లు, అంతకు ముందు ఏడాది 2.8 కోట్లు.

మరి ఫ్యాక్టరీలు ఏం చేస్తున్నట్టు? రాత్రీ పగలూ తయారుచేస్తూనే ఉన్నాయి. అప్పట్లో ఫెడరల్, సీసీఐ బ్రాండ్లు విస్టా ఔట్‌డోర్ చేతిలో ఉండేవి. ఇంకా పంపాల్సిన ఆర్డర్ల విలువ 100 కోట్ల డాలర్లు దాటిందని ఆ కంపెనీయే చెప్పింది. రెమింగ్టన్ 2020 జులైలో దివాలా తీయడంతో ఆర్కన్సాలోని లోనోక్ ఫ్యాక్టరీ కొంతకాలం కుంటుపడింది. తర్వాత దాన్ని కూడా విస్టాయే కొంది. 2021 ఆగస్టులో రష్యా తూటాల దిగుమతికి కొత్త పర్మిట్లు ఇవ్వబోమని అమెరికా ప్రకటించింది. దాంతో చవగ్గా దొరికే స్టీల్ కేసు తూటాల (ఇత్తడికి బదులు ఉక్కు తొడుగు ఉండేవి) ధరలు కూడా పైకి ఎగిరాయి.

ఇంకో ఫ్యాక్టరీ కట్టొచ్చు కదా అంటారు. కట్టేలోపు జనం భయం తీరిపోతే? ఆ యంత్రాలు ఏం చేసుకోవాలి? కంపెనీలు అందుకే తొందరపడవు. ప్రతి కొరతా ఇలాగే వస్తుంది, ఇలాగే పోతుంది. 2012 డిసెంబరులో శాండీహుక్ స్కూల్లో కాల్పుల ఘోరం జరిగాక కొత్త చట్టాలు వస్తాయన్న భయంతో జనం ఎగబడ్డారు. 2013 మొదట్లో వాల్‌మార్ట్ మనిషికి రోజుకి మూడు డబ్బాలే అని నియమం పెట్టింది. పిల్లలకి షూటింగ్ నేర్పే .22 తూటా, అన్నిటికంటే చవకది, ఏళ్ల తరబడి సరిగ్గా దొరకలేదు.

అప్పుడే ఇంకో పుకారు. హోమ్‌ల్యాండ్ సెక్యూరిటీ శాఖ 160 కోట్ల తూటాలు కొని జనానికి అందకుండా చేస్తోందని. చివరికి కాంగ్రెస్ తరఫున లెక్కలు చూసే జీఏఓ పరిశీలించి 2014 జనవరిలో నివేదిక ఇచ్చింది. 2009 నుంచీ ఆ శాఖ కొనుగోళ్లు తగ్గుతూ వచ్చాయని తేలింది. ఆ పుకారు నమ్మి కొన్నవాళ్ల గ్యారేజీలు మాత్రం అప్పటికే నిండాయి.

3. ఒక నోటుబుక్కు తీసుకుని మీ అంకె తేల్చుకోండి

ఈ మొత్తం వ్యాసంలో ఒక్క పనే చేస్తానంటే ఇది చేయండి.

ఇంట్లో ఉన్న డబ్బాలన్నీ బయటికి తీయండి. ఏ రకం ఎన్ని ఉన్నాయో రాయండి. తర్వాత, పోయిన ఆరు నెలల్లో ఎన్నిసార్లు రేంజ్‌కి వెళ్లారో, వెళ్లినప్పుడు ఎన్ని కాల్చారో గుర్తు చేసుకోండి. గుర్తు లేకపోతే క్రెడిట్ కార్డు బిల్లుల్లో రేంజ్ ఫీజు చూస్తే తెలిసిపోతుంది. నా సంగతి చెప్తాను. నేను వారం వారం వెళ్తున్నానని నా నమ్మకం. బిల్లులు చూస్తే నెలకి ఒకటిన్నర సారి. వెళ్లిన ప్రతిసారీ 100 కాలుస్తాను. అంటే నెలకి 150.

నెలకి 150 అంటే ఆరు నెలలకి 900. ఒక కేస్‌లో, అంటే డబ్బాలు పేర్చిన పెద్ద పెట్టెలో, వచ్చేది వెయ్యి. అంటే ఆరు నెలల కొరతని దాటడానికి నాకు కావాల్సింది ఒక్క కేస్, అందులోనూ వంద మిగులుతాయి. ఆ లెక్క వేసుకోకుండా 2021లో నేను తెచ్చింది మూడు కేసులు, మూడు రెట్లు ధర పెట్టి.

మీ అంకె మీది. పోటీలకి వెళ్లేవాళ్లకి నెలకి వెయ్యి కూడా చాలకపోవచ్చు. ఇంటి రక్షణ కోసం తుపాకీ పెట్టుకుని ఏడాదికి రెండుసార్లు ప్రాక్టీస్ చేసేవాళ్లకి నాలుగైదు డబ్బాలు చాలు. అంకె ఎంతైనా ఫర్వాలేదు, కాగితం మీద ఉండాలి. షాపులో ఖాళీ అరల ముందు నిలబడినప్పుడు మనసు చెప్పే అంకె వేరేగా ఉంటుంది.

ఆ అంకె కింద ఒక గీత గీయండి. ఆరు నెలలకి సరిపడా పెట్టుకుంటే, మూడు నెలలకి సరిపడే దగ్గర గీత. నిల్వ గీత కిందికి దిగితేనే కొనాలి. పైన ఉంటే వార్తల్లో ఏం చెప్పినా కొనకూడదు. వంటింట్లో పప్పు డబ్బా అడుగు కనిపించకముందే మన అమ్మలు సరుకుల చీటీలో కందిపప్పు రాసేవాళ్లు చూడండి, అంతే.

4. ధరకి కూడా ఒక హద్దు రాయండి

తూటాలు అమ్మేచోట డబ్బా ధర చూడకండి. ఒక్కో తూటా ఎన్ని సెంట్లు పడిందో చూడండి. షాపులవాళ్లూ షూటర్లూ దీన్నే సీపీఆర్ అంటారు. డబ్బా ధర, షిప్పింగ్, పన్ను అన్నీ కలిపి తూటాల సంఖ్యతో భాగించాలి. కొన్ని సైట్లలో ధర తక్కువ చూపించి షిప్పింగ్‌లో రాబడతారు. 50 ఉండే డబ్బా పక్కనే అదే సైజు డబ్బాలో 20 పెట్టి అమ్ముతారు. ముఖ్యంగా హాలో పాయింట్ రకాలు చాలావరకు 20 లేదా 25 ఉంటాయి. తొందరలో ఎవరూ చూడరు.

ధరలు పోల్చి చూపించే వెబ్‌సైట్లున్నాయి, అమ్మోసీక్ లాంటివి. కొరత లేని రోజుల్లోనే నెలకి ఒకసారి చూసి ధర నోటుబుక్కులో రాసుకుంటూ ఉండండి. మామూలు ధర తెలిసినవాడికే ఇది ఎక్కువ ధరో కాదో తెలుస్తుంది. నా హద్దు మామూలు ధరకి ఒకటిన్నర రెట్లు. అది దాటితే కొనడం మానేసి కాల్చడం తగ్గిస్తాను. మీ హద్దు మీరు పెట్టుకోండి, కానీ పెట్టుకోండి.

5. షాపు దగ్గర

కొరత రోజుల్లో షాపు తెరవకముందే లైన్లుంటాయి. కౌంటర్ దగ్గర ఉండే మనిషితో మర్యాదగా మాట్లాడి సరుకు లారీ ఏ రోజు వస్తుందో అడిగితే చాలాసార్లు చెబుతారు. ఆ రోజు ఉదయం ఒక్కసారి వెళితే చాలు, రోజూ తిరగక్కర్లేదు. పెద్ద షాపులకంటే చిన్న ఊళ్లలోని సామాన్ల కొట్లలో, రైతులకి దాణా అమ్మే దుకాణాల్లో ఒక్కోసారి ఎక్కువ దొరుకుతుంది. చాలా రేంజ్‌లు తమ సభ్యులకి కొంత పక్కన పెడతాయి, అక్కడే కాల్చాలన్న షరతు మీద. అది మంచి ఏర్పాటే.

మనిషికి రెండు డబ్బాలని బోర్డు పెడితే రెండే కొనండి. భార్యని ఒక లైన్‌లో, బావమరిదిని ఇంకో లైన్‌లో నిలబెట్టే తెలివి మనకి తిరుపతి క్యూ నుంచీ అలవాటే. ఇక్కడ ఇంకో చిక్కుంది. ఆ బావమరిది హెచ్-1బి మీద ఉంటే డబ్బా చేతిలో పట్టుకున్న క్షణం మొదటి అంచెలో చెప్పిన కథ మొదలవుతుంది.

ఆన్‌లైన్‌లో జాగ్రత్త. 2020, 21లో దొంగ సైట్లు పుట్టగొడుగుల్లా లేచాయి. ఎక్కడా లేని సరుకు వాళ్ల దగ్గర ఉంటుంది, అదీ పాత ధరకే. డబ్బు మాత్రం జెల్లో గానీ, క్యాష్ యాప్‌లో గానీ, గిఫ్ట్ కార్డు రూపంలో గానీ పంపమంటారు. నేను ఒకసారి ప్రైమర్ల (తూటా అడుగున ఉండి నిప్పు పుట్టించే చిన్న మూతలు) కోసం ఇలాంటి చోట 140 డాలర్లు పోగొట్టుకున్నాను. సైటు చక్కగా ఉంది, ఫోన్ నంబరు కూడా ఉంది, ఫోన్ ఎత్తారు కూడా. సరుకు మాత్రం రాలేదు. అందుకే క్రెడిట్ కార్డు తీసుకోని చోట అస్సలు కొనొద్దు. సైటు ఎప్పుడు పుట్టిందో చూడండి. రెండు నెలల వయసున్న సైటులో రెండేళ్ల నుంచి దొరకని సరుకు ఉండదు.

గన్ షోలలో ఎవరో ఇంట్లో తయారుచేసిన తూటాలు ప్లాస్టిక్ సంచుల్లో అమ్ముతుంటారు. ముట్టుకోకండి. ఇంట్లో తయారుచేసి అమ్మడానికి ఫెడరల్ లైసెన్స్ ఉండాలి. అది పక్కన పెట్టండి, అందులో ఎంత పౌడర్ (తుపాకీ మందు) పోశాడో మీకెలా తెలుస్తుంది? ఎక్కువైతే తుపాకీ పగిలేది మీ చేతిలో.

6. ఉన్నవాటితో ఎక్కువ నేర్చుకోండి

నాకు షూటింగ్ వచ్చింది కొరత రోజుల్లోనే. అంతకు ముందు డబ్బా విప్పి డబడబా కాల్చేసి ఇంటికొచ్చేవాణ్ణి.

డ్రై ఫైర్ అంటే తూటా లేకుండా గురి పెట్టి ట్రిగ్గర్ నొక్కడం. రోజూ పది నిమిషాలు. తూటాలన్నీ వేరే గదిలో ఉండాలి, ఇది బేరం లేని నియమం. తుపాకీ ఖాళీగా ఉందని రెండుసార్లు చూడండి, మ్యాగజైన్ కూడా. గురి పెట్టే గోడ వెనక మనుషులు ఉండకూడదు. మధ్యలో ఫోన్ వచ్చి లేస్తే, తిరిగొచ్చాక మళ్లీ మొదటి నుంచి చూడాలి. ప్రమాదాలు ఎక్కువగా "ఇంకొక్కసారి" దగ్గరే జరుగుతాయి. సెంటర్‌ఫైర్ తుపాకులకి (9 ఎంఎం లాంటివి, ప్రైమర్ తూటా అడుగు మధ్యలో ఉండేవి) స్నాప్ క్యాప్‌లు అనే ఉత్తుత్తి తూటాలు చవగ్గా దొరుకుతాయి. .22 తుపాకుల్లో కొన్నింటికి ఖాళీగా నొక్కితే ఫైరింగ్ పిన్ తగిలి ఛాంబర్ అంచు దెబ్బతింటుంది, కాబట్టి కంపెనీ ఇచ్చిన పుస్తకం చూడకుండా చేయకండి.

రేంజ్‌కి వెళ్లినప్పుడు వంద కాకుండా ముప్ఫై తీసుకెళ్లండి. ప్రతి అయిదింటికీ టార్గెట్ దగ్గరికి తెచ్చుకుని చూడండి. రంధ్రాల గుంపు ఎడమకి పోతోందా, కిందికి పోతోందా? రాసుకోండి. నిజం చెప్పాలంటే ఆ ముప్ఫై కాల్చి వచ్చిన రోజున ఎక్కువ అలసిపోతాను.

గాలి తుపాకీ కూడా మంచిదే. పది మీటర్లలో గాలి రైఫిల్‌తో ఒలింపిక్ పతకాలే వచ్చాయి, 2008 బీజింగ్‌లో అభినవ్ బింద్రా బంగారం గెలిచింది దాంతోనే. పెల్లెట్ల డబ్బా ధర చూస్తే నవ్వొస్తుంది. ఇంటి వెనక కాల్చే ముందు మాత్రం మీ ఊరి నియమం కనుక్కోండి.

7. రీలోడింగ్ మొదలుపెడదామా?

షాపులో తూటాలు లేవనగానే అందరికీ వచ్చే ఆలోచన ఇది. ఖాళీ కేసులు ఉన్నాయి కదా, ఇంట్లోనే నింపుకుందాం అని. నేను అడిగితే రేంజ్‌లో నాకు నేర్పిన అన్న ఒకాయన, ఖమ్మం జిల్లా ఆయన, ముప్ఫై ఏళ్ల నుంచి ఇక్కడే ఉన్నారు, నవ్వి అన్నారు: "ఏం తమ్ముడూ, ఇల్లు కాలుతుంటే బావి తవ్వుతావా?"

ఆయన మాట ఎందుకు నిజమో చెప్తాను. మనం మామూలుగా బుల్లెట్ అనేది మొత్తం తూటాని. రీలోడింగ్ చేసేవాళ్ల భాషలో బుల్లెట్ అంటే ముందు నుంచి ఎగిరి వెళ్లే ముక్క మాత్రమే. దానికి తోడు ఇత్తడి కేసు, లోపల పౌడర్, అడుగున ప్రైమర్. పేలాక కేసు మిగులుతుంది, దాన్ని మళ్లీ మళ్లీ వాడొచ్చు. మిగతా మూడూ ప్రతిసారీ కొనాలి. బుల్లెట్ అవసరమైతే సీసం కరిగించి పోసుకునేవాళ్లు ఉన్నారు. కానీ ప్రైమర్, పౌడర్ ఇంట్లో చేసుకునే వస్తువులు కావు.

అమెరికాలో ప్రైమర్ తయారుచేసే పెద్ద పేర్లు నాలుగే: సీసీఐ, ఫెడరల్, వించెస్టర్, రెమింగ్టన్. ఆ నలుగురూ తూటాలు కూడా తయారుచేస్తారు. కొరత వచ్చినప్పుడు తమ ప్రైమర్లని ముందు తమ తూటాల్లోనే పెట్టుకుంటారు, మిగిలితేనే మనకి అమ్ముతారు. అందుకే తూటాలకంటే ముందు మాయమయ్యేవీ, అన్నిటికంటే ఆలస్యంగా తిరిగొచ్చేవీ ప్రైమర్లే. వెయ్యికి 30, 40 డాలర్లుండేవి 2021లో చేతులు మారేటప్పుడు వంద దాటాయి.

పౌడర్ కథ ఇంకోరకం. దానికి ముడిసరుకు నైట్రోసెల్యులోజ్. ఉక్రెయిన్ యుద్ధం మొదలయ్యాక ఫిరంగి గుండ్లకి అదే కావాల్సి వచ్చింది. 2024లో అలయంట్ కంపెనీ నైట్రోసెల్యులోజ్ కొరత అని చెప్పి రీలోడర్ అనే పేరుతో అమ్మే తన పౌడర్ రకాల సరఫరా నిలిపేసింది. ఇక్కడి షూటర్లు ఎగబడకపోయినా అరలు ఖాళీ అయ్యాయి. ఏది ఉరుకులాటతో వచ్చిన కొరతో, ఏది నిజంగా సరుకు లేక వచ్చిందో వేరు చేసి చూడాలి. మొదటిది కొన్ని నెలలు ఓపిక పడితే చాలావరకు సర్దుకుంటుంది. రెండోది అలా కాదు.

కాబట్టి కొరతలో రీలోడింగ్ మొదలుపెట్టకండి. నేర్చుకోవాలని ఉంటే సరుకు బాగా దొరికే రోజుల్లో, తెలిసినవాళ్ల పక్కన కూర్చుని నేర్చుకోండి. ప్రెస్సు, డైలు, తక్కెడ, కేసులు శుభ్రం చేసే యంత్రం అన్నీ కలిస్తే ఖర్చు బాగానే అవుతుంది. డబ్బు ఆదా అవుతుందని మొదలుపెట్టినవాళ్లలో నిజంగా ఆదా చేసినవాణ్ణి నేను చూడలేదు. ఎక్కువ కాలుస్తారు, అంతే.

ఇప్పటికే చేస్తున్నవాళ్లకి:

కొరతలో అసలు ప్రమాదం "దొరికింది కదా, ఇదే వాడేద్దాం" అనుకోవడం. పౌడర్ పేర్లు ఒకేలా ఉండి గుణం వేరుగా ఉంటుంది. 4350 అని రెండు కంపెనీల డబ్బాల మీద ఉన్నంత మాత్రాన రెండూ ఒకటి కాదు. పౌడర్ మారినా, ప్రైమర్ మారినా, బుల్లెట్ మారినా కంపెనీ ప్రచురించిన తాజా లెక్క చూసి, అందులో చెప్పిన అతి తక్కువ మోతాదు నుంచి మళ్లీ మొదలుపెట్టాలి. ఆ కలయిక పుస్తకంలో లేకపోతే అది లేనట్టే. అప్పటివరకు కాల్చకుండా కూర్చోండి.

మూత తీసిన పౌడర్ డబ్బా ఎవరి దగ్గరా కొనకండి, పెద్దాయన పోయాక ఆయన గ్యారేజీ ఖాళీ చేస్తున్నవాళ్ల దగ్గరైనా సరే. లోపల ఉన్నది పైన రాసిందే అని మీకు ఎవరూ హామీ ఇవ్వలేరు. ఇంట్లో ఉన్న పౌడర్‌కి పుల్లటి ఘాటు వాసన వచ్చినా, ఎర్రటి గోధుమరంగు పొడి గానీ పొగ గానీ కనిపించినా అది పాడైంది. వాడకూడదు, ఉంచనూ కూడదు.

ఆన్‌లైన్‌లో తెప్పిస్తే ప్రైమర్లకీ పౌడర్‌కీ హజ్‌మ్యాట్ ఫీజు (ప్రమాదకరమైన సరుకు పంపినందుకు) అని ఒకటి పడుతుంది. చిన్న డబ్బాకీ అదే, పెద్ద ఆర్డర్‌కీ దాదాపు అదే. కాబట్టి నలుగురు కలిసి ఒక ఆర్డర్ పెడితే కలిసొస్తుంది. మామూలు రోజుల్లో ఇలా కొనిపెట్టుకున్నవాళ్లే కొరతలో ప్రశాంతంగా ఉంటారు.

8. ఎక్కడ దాచాలి

తూటాలకి వేడి, తేమ రెండూ పడవు. టెక్సస్ ఎండాకాలంలో మా గ్యారేజీ పెనంలా ఉంటుంది, కాబట్టి ఇంట్లో అల్మరాలో, తాళం వేసి, కంపెనీ డబ్బాల్లోనే ఉంచుతాను. తడిసిపోతే దీపావళి టపాసుల్లా డాబా మీద ఎండబెట్టే ప్రయత్నం చేయకండి, అవి వాడటం మానేయండి. పాతవి ముందు, కొత్తవి తర్వాత వాడండి. డబ్బా మీద కొన్న నెల రాసుకోండి.

పౌడర్‌కీ ప్రైమర్లకీ అగ్నిమాపక నియమాలున్నాయి. చాలాచోట్ల పాటించే ఎన్‌ఎఫ్‌పీఏ (అమెరికా అగ్నిప్రమాద నివారణ సంఘం) 495వ నియమావళి ప్రకారం ఇంట్లో పౌడర్ కంపెనీ డబ్బాల్లోనే 20 పౌండ్ల వరకు పెట్టుకోవచ్చు. అది దాటితే 50 పౌండ్ల వరకు అంగుళం మందం చెక్కపెట్టెలో ఉంచాలి. ప్రైమర్లు పది వేలకి మించకూడదు. మీ ఊరి నియమం ఇంకా గట్టిగా ఉండొచ్చు. అపార్ట్‌మెంట్‌లో ఉంటే లీజు కూడా చదవండి. ప్రైమర్లని విప్పి గాజు సీసాలో పోసి పెట్టడం లాంటి పిచ్చిపని ఎవరైనా చేస్తే ఆ ఇంటికి వెళ్లకండి.

9. భయం తగ్గాక

ధరలు దిగిన రోజే కొనాల్సిన రోజు. ఆ రోజు ఎవరికీ గుర్తుండదు, లైన్లు ఉండవు, వార్తలు ఉండవు. నోటుబుక్కు తీసి, గీత చూసి, తక్కువున్నది తెచ్చుకోండి. అవసరానికి మించి ఉన్నవి ఉంటే, రేంజ్‌లో కొత్తగా చేరినవాళ్లకి కొన్న ధరకే ఇచ్చేయండి. ముందు వాళ్ల దగ్గర ఉండటం చట్టప్రకారం సరైనదేనా అని అడగండి. మొహమాటపడొద్దు.

10. ఇండియా వెళ్లే ముందు సంచి దులపండి

ఇది కొరతకి నేరుగా సంబంధించింది కాదు. కానీ డబ్బాలు డబ్బాలుగా తెచ్చి, విప్పి, సంచుల్లో పోసుకుని తిరిగే రోజుల్లోనే ఒకటీ అరా ఎక్కడో జారి ఉండిపోతుంది. రేంజ్‌కి వాడిన సంచిని ప్రయాణానికి వాడకండి. ఎంత మంచి సంచైనా సరే. శంషాబాద్‌లోనో ఢిల్లీలోనో స్కానర్‌లో ఒక్క తూటా కనిపించినా ఆయుధాల చట్టం కింద కేసు పెడతారు. తెలియకుండా ఉండిపోయిందని తేలితే కోర్టులు కేసు కొట్టేసిన సందర్భాలు ఎన్నో ఉన్నాయి. అది తేలేవరకు మీ విమానం, మీ సెలవులు, ఒక్కోసారి మీ పాస్‌పోర్టు కూడా ఆగిపోతాయి. ఖాళీ కేసు కదా, ఏమవుతుందిలే అనుకుని అది కూడా తీసుకెళ్లకండి.

పోయినసారి మా అమ్మ తిరిగి గుంటూరు వెళ్తుంటే పచ్చళ్ల సీసాలు తీసేసిన సంచిలో చాక్లెట్లు సర్దుతోంది. అది నా పాత రేంజ్ సంచని నాకు తట్టలేదు. పక్క జిప్పులో చెయ్యి పెట్టి, "ఒరేయ్, ఇదేంట్రా, ఇత్తడి చెవి పోగులా ఉంది" అని అరచేయి చాపింది. .22 తూటా, ఒక్కటే. అమ్మ చేతిలోంచి తీసుకుని డబ్బాలో వేసి, నోటుబుక్కులో ఒకటి కలిపి రాశాను. ఆ రాత్రి పదింటికి కొత్త సంచి కొనడానికి వెళ్లాం.